కిందికి దిగని గీత

ఆ గీత ఈపాటికి కిందికి దిగాలి. దిగలేదు.

డాక్టర్ హిమబిందు కళ్లద్దాలు తీసి, చీర కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది. స్క్రీన్ మీద రెండు గీతలున్నాయి. నీలం గీత నగరంలో ఒక పెద్ద ప్రైవేటు స్కూలు పిల్లలది. అది మొదట లేచి, ఆరు నెలలకు వంగి, ఏడాదికల్లా అడుగంటింది. ఎర్ర గీత గుండ్లవెల్లి బాలికల హాస్టల్ పిల్లలది. రెండేళ్లయినా అది పైకి పోతూనే ఉంది.

ల్యాబ్‌లో కుర్ర సైంటిస్టులు చప్పట్లు కొట్టారు. ఎవరో మిఠాయి తెప్పించారు.

ఇంతకీ ఆ గీతలేమిటో చెప్పకుండా మిఠాయి పంచితే పాఠకులు నా మీద కోప్పడతారు. చెప్తాను.

వండిన అన్నం, పప్పు వెచ్చటి గదిలో గంటలకొద్దీ మూత కింద ఉంటే వాటిలో కొన్ని రకాల బాక్టీరియా పెరిగి టాక్సిన్, అంటే విషం, వదులుతాయి. 'మళ్లీ మరిగిస్తే పోతుందిలే' అని మన వంటిళ్లలో ఒక ధీమా ఉంది. మరిగిస్తే బాక్టీరియా చచ్చే మాట నిజమే. అవి అప్పటికే వదిలిన టాక్సిన్‌లో కొన్ని రకాలు మాత్రం మరిగించినా పోవు. దొంగ పారిపోయినంత మాత్రాన వాడు పెట్టిన నిప్పు ఆరదు కదా. తిన్న అరగంటకో, రెండు మూడు గంటలకో వాంతులు మొదలవుతాయి. బలంగా ఉన్నవాళ్లు తట్టుకుంటారు. హాస్టల్ పిల్లల్లో బలంగా ఉండేవాళ్లు తక్కువ.

ఈ టాక్సిన్‌ని పేగుల్లోనే పట్టుకోవాలి. భుజానికి సూది వేస్తే రక్తంలో కాపలా ఏర్పడుతుంది కానీ పేగుల్లో అంతగా ఏర్పడదు. పోనీ నోట్లో చుక్కలు వేద్దామంటే, వ్యాక్సిన్ కూడా ప్రోటీనే కాబట్టి కడుపులోని ఆమ్లం దాన్ని ఇడ్లీ ముక్కను అరిగించినట్టు అరిగించేస్తుంది. హిమబిందు ఏం చేసిందంటే, కోరలు పీకిన టాక్సిన్‌ని పాలిమర్ నానోపార్టికల్స్‌లో పెట్టి పొట్లం కట్టింది. ఆ పాలిమర్ కొత్తదేమీ కాదు. ఆపరేషన్లలో వాటంతటవే కరిగిపోయే కుట్లు వేస్తారే, ఆ జాతిదే. ఒక్కో పొట్లం తలవెంట్రుక మందంలో వందో వంతు కూడా ఉండదు. ఆమ్లాన్ని దాటుకుని పేగుల దాకా చేరుతుంది. అక్కడ గోడలో కొన్ని కణాలున్నాయి, దారిన పోయే ప్రతిదాన్నీ లోపలికి లాగి సోదా చేయడమే వాటి పని. అవి ఈ పొట్లాన్ని లాక్కుంటాయి, పాలిమర్ మెల్లగా కరుగుతుంది, శరీరం ఆ టాక్సిన్ ముఖం గుర్తుపెట్టుకుని యాంటీబాడీలు తయారు చేసి పేగుల్లోకి వదులుతుంది. తర్వాత అసలు టాక్సిన్ వచ్చినా అక్కడికక్కడే దొరికిపోతుంది. పాడైన తిండిలో పుట్టే ముఖ్యమైన టాక్సిన్లన్నిటినీ ఆమె ఒకే సీసాలో ఇమిడ్చింది. ప్రభుత్వం దానికి 'కవచం' అని పేరు పెట్టింది.

గీతలు ఆ యాంటీబాడీల లెక్క. ఏ వ్యాక్సిన్‌కైనా కొంత కాలానికి గీత దిగుతుంది. అప్పుడు బూస్టర్ వేయాలి. గుండ్లవెల్లి పిల్లలకు బూస్టర్ వేయలేదు. అయినా గీత దిగలేదు.

"ఎందుకు దిగలేదు మేడం?" అని కుర్రవాళ్లలో ఒకడు అడిగాడు.

హిమబిందు దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. "పల్లె పిల్లలు కదా. మట్టిలో పెరిగిన ఒళ్లు. నగరం పిల్లల్లా సున్నితం కాదు. వాళ్ల ఇమ్యూనిటీ అలాంటిది."

ఆ మాటే ఆమె మూడు సభల్లో చెప్పింది. విన్నవాళ్లు పెద్ద పెద్ద సైంటిస్టులు. అందరూ తలలూపారు. పల్లె పిల్లలు రాళ్లు తిన్నా అరాయించుకుంటారని మనకు ఎప్పటినుంచో ఒక నమ్మకం. వాళ్లకు రాళ్లు ఎవరు పెట్టారని ఎవరం అడగం.

ఆమె చెడ్డ మనిషి కాదు. హౌస్ సర్జన్‌గా ఉన్న రోజుల్లో జిల్లా ఆస్పత్రి వరండాలో నేల మీద వరసగా పడుకోబెట్టిన హాస్టల్ ఆడపిల్లల్ని చూసింది. ఒక పిల్ల ఆమె చెయ్యి పట్టుకునే చనిపోయింది. ఆ చెయ్యి వదిలించుకోలేకే ఇంత చదువూ చదివింది, ఇంత పరిశోధనా చేసింది. పెళ్లి మాట ఎత్తితే 'చుక్కలు పూర్తి కానీ' అనేది. చుక్కలు పూర్తయ్యాయి, పెళ్లి మాట ఎత్తేవాళ్లు లేకుండా పోయారు.

రెండేళ్లలో గుండ్లవెల్లిలో ఒక్క పిల్ల కూడా తిండి వల్ల ఆస్పత్రి పాలు కాలేదు. కాబట్టి రాష్ట్రంలోని హాస్టళ్లన్నిటికీ కవచం ఇవ్వాలని నిర్ణయం దాదాపు అయిపోయింది. హిమబిందు ఒక్కసారి వెళ్లి చూసి, సరే అంటే చాలు.

"పిల్లలతో కలిసి భోంచేయండి డాక్టర్ గారూ. ఫొటో బాగుంటుంది," అని హాస్టళ్ల డైరెక్టర్ విశ్వేశ్వర్రావు ఫోన్ చేసి చెప్పాడు. "ఆదివారమైతే తల్లిదండ్రులు కూడా వస్తారు."

ఆ ఆదివారం గుండ్లవెల్లి హాస్టల్ గేటుకు మామిడి తోరణాలు కట్టారు. వార్డెన్ ఉమారాణి ఎదురొచ్చి శాలువా కప్పింది. ఆఫీసు గదిలో అతిథుల కోసం పట్నం హోటల్ నుంచి తెప్పించిన బిర్యానీ డబ్బాలున్నాయి.

"నేను పిల్లల దగ్గరే తింటాను," అంది హిమబిందు.

వార్డెన్ ముఖం ఒక్క క్షణం వాడింది. "ఎందుకు మేడం? ఉక్క. ఇక్కడైతే ఏసీ ఉన్నది."

హిమబిందు అప్పటికే భోజనాల హాల్లోకి నడిచింది. స్టీలు కంచం తీసుకుని లైన్లో నిలబడి, అన్నం, పప్పు పెట్టించుకుని పిల్లల మధ్య నేల మీద కూర్చుంది. పక్కన ఎనిమిదో తరగతి పిల్ల, శివలీల. స్వాగతం పాట పాడింది ఆ పిల్లే. చుట్టూ పిల్లలు గబగబా తింటున్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు, ఎవరూ కంచంలోకి చూడడం లేదు.

హిమబిందు అన్నం కలిపి ముద్ద చేసి నోటి దగ్గరికి తెచ్చింది.

శివలీల ఆమె మోచెయ్యి పట్టుకుంది. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అంది: "మేడం, మీరు తినకుండ్రి. అది మాకు పెట్టేది."

"ఏమిటి?"

"మీరు మందు తాగిండ్రా?"

హిమబిందు తాగలేదు. పరీక్ష నడిపేవాళ్లు తామే ఆ మందు తీసుకోకూడదని నియమం. "లేదు," అంది.

"మరి మీకు పడదు. మాకైతే ఏం కాదు. మీరు మంచి మందు కనిపెట్టిండ్రు మేడం. ఇంతకుముందు మస్తు కక్కుకునేటోళ్లం. ఇప్పుడు ఎంత పులిసినా ఏం కాదు." ఆ పిల్ల ఈ మాటలు కృతజ్ఞతగానే అంది. అని, తన ముద్ద తను నోట్లో పెట్టుకుంది.

అప్పుడు హిమబిందు చేతిలోని ముద్ద వాసన చూసింది. పప్పులో చింతపండు పులుపు కాదది. కింద మెత్తగా, జిగటగా ఉన్న అన్నం, దాని మీద ఇవాళ వేడి చేసిన పప్పు.

"రోజూ ఇంతేనా?"

"ఐతారం జర నయం మేడం. ఇయ్యాల మీరొస్తరని అప్పడాలు చేసిండ్రు."

"ఇంట్లో చెప్పలేదా అమ్మా?"

శివలీల తల వంచుకుంది. "మా అమ్మకు చెప్పలే. మూడు నెలల కింద వచ్చి నా కంచంలది తిన్నది. బస్సుల పోతుంటే కక్కుకున్నదంట, బస్సు పడలేదనుకున్నది. నాకు ఎరకైంది. అప్పటిసంది ఆమె కోసం అన్నం దాస్తలేను. బిడ్డ మారిపోయింది, ఒక్క ముద్ద పెడ్తలేదని ఏడుస్తదంట." మళ్లీ అటూ ఇటూ చూసింది. "హాస్టల్ల గిట్ల పెడ్తున్నరంటే చదువు మాన్పిచ్చి చేనికి తోల్కపోతది."

ఇక్కడొక ఆచారం గురించి చెప్పాలి. ఆదివారం వచ్చే తల్లులకు హాస్టల్ అన్నం పెట్టదు. వాళ్లు తెల్లారకముందే బస్సెక్కి ఏమీ తినకుండా వస్తారు. పిల్లలు తమ కంచంలో సగం దాచి తల్లికి తినిపిస్తారు. బిడ్డ ఎంగిలి తల్లికి ఎంగిలి కాదు. ఆ సగం కంచం కోసమే నెలంతా ఎదురుచూసే తల్లులున్నారు.

హిమబిందు లేచింది. ముద్ద కంచంలోనే వదిలేసి, కంచం అక్కడే వదిలేసి, ఆ చేత్తోనే వంటగదిలోకి వెళ్లింది. వార్డెన్ వెనకే వచ్చింది.

వంటగదిలో ఫ్రిజ్ ఉండాల్సిన చోట దాని కాళ్ల గుర్తులు మాత్రమే ఉన్నాయి. గుండిగలో నిన్నటిదో మొన్నటిదో అన్నం, దాని మీద తడిగుడ్డ.

"ఏమిటిది ఉమారాణి గారూ?"

వార్డెన్ మొదట బెదిరింది, తర్వాత ఆమెకూ కోపం వచ్చింది. "నేను కూడా అదే తింటున్న మేడం! నా బిడ్డల కంటే ఎక్కువేం కాదు నేను. మొదట్ల ఒకనాడు ఫ్రిజ్ చెడిపోయింది. పప్పు పులిసింది. పారేద్దామంటే మళ్ల వండనీకి సరుకు లేదు. భయపడుకుంట పెట్టిన. ఎవ్వరికేం కాలే. రెండో రోజు కూడా కాలే. రిపేరుకు రాస్తే, అక్కడ కేసులే లేవు కద, ఫ్రిజ్ ఎందుకన్నరు, వేరే హాస్టల్‌కు పంపిండ్రు. తనిఖీకి వచ్చే సారును తీసేసిండ్రు. అదే మాట, కేసులు లేవు. ఇప్పుడు కాంట్రాక్టరు రెండు దినాలకొకసారి వండిస్తున్నడు. నేనేం అడగాలె? పిల్లలకేమైందని అడగాలె?"

"పిల్లలకంటే ముందు మీరు తిని చూడాలి కదా! ఆ నియమం అందుకే కదా పెట్టింది!"

"తింటున్న మేడం. నాకేం కాదు. నాకు కూడా చుక్కలు వేయమని మీరే చెప్పిండ్రు."

నిజమే. చెప్పింది. మొదటి రోజు, సీసాలు మిగిలితే, 'పాపం ముందు తినేది ఆమే కదా, ఆమెకూ వేయండి' అంది. దయతోనే అంది. ప్రమాదం వస్తే మోగాల్సిన గంట ఒక్కటుంటే, దాని నాలుక తనే కోసేసింది. ఆ రోజు తన దయకు తనే మురిసిపోయిన సంగతి కూడా గుర్తొచ్చి హిమబిందు చెవులు వేడెక్కాయి.

అంతకంటే పెద్ద సిగ్గు ఆ వెనకే వచ్చింది. ఎర్ర గీత ఎందుకు దిగలేదో ఆ గుండిగ ముందు నిలబడ్డప్పుడు ఆమెకు అర్థమైంది. బూస్టర్ వేయకపోవడమేమిటి? పూటపూటా వేస్తున్నారు. ప్రతి ముద్దలో కాస్త టాక్సిన్ వస్తుంది, శరీరం దాన్ని గుర్తుపట్టి ఇంకొన్ని యాంటీబాడీలు చేస్తుంది, మళ్లీ పూటకు మళ్లీ వస్తుంది. నగరం పిల్లలకు శుభ్రమైన తిండి దొరికింది కాబట్టి వాళ్ల గీత దిగింది. పల్లె పిల్లల ఒళ్లు, మట్టిలో పెరిగిన ఒళ్లు! మూడు సభల్లో ఎంత ధీమాగా చెప్పింది! డాక్టరై ఉండి, సైంటిస్టై ఉండి, ఈ పిల్లలు ఏం తింటున్నారని ఒక్కసారి అడగలేదు. అడగాలని కూడా తోచలేదు. గీత చూసి మిఠాయి తింది.

నేల చీలితే బాగుండుననిపించింది ఆమెకు. వంటగదుల నేల అంత తేలిగ్గా చీలదు.

"రేపటినుంచి ఈ అన్నం పెట్టడానికి వీల్లేదు. నేను డైరెక్టర్ గారితో మాట్లాడతాను," అంది.

"మాట్లాడుండ్రి మేడం. మీరు చెప్తే వింటరేమో," అంది వార్డెన్. ఆమె గొంతులో వెటకారం లేదు, ఆశ కూడా లేదు.

హిమబిందు హాల్లోకి తిరిగి వచ్చేసరికి శివలీల పక్కన నల్లగా, సన్నగా ఉన్న ఒకామె కూర్చుని ఉంది. ఆ పిల్ల తల్లి అంజిలమ్మ. ముందో కంచం, ఖాళీగా, వేళ్లతో తుడిచి తిన్నట్టు శుభ్రంగా ఉంది. శివలీల ముఖం పాలిపోయింది.

"నేను నీళ్లకు పోయి వచ్చేలోపల తినేసింది మేడం," అంది.

అంజిలమ్మ గబుక్కున లేచి, కొంగుతో మూతి తుడుచుకుని, దండం పెట్టింది. "ఎవరో పెద్ద మేడం ముట్టకుండనే ఇడిసిపెట్టి పోయిందని పిల్లలు అన్నరు. మీరేనా మేడం? అన్నం పరబ్రహ్మం కద, పారేస్తే పాపమని తిన్న. నా బిడ్డ ఎట్లయినా పెడ్తలేదాయె." అంటూ కూతురి వైపు చూసి నవ్వింది. ఎత్తిపొడుపూ ముద్దూ కలిసిన నవ్వు.

హిమబిందు ఆ ఖాళీ కంచం చేతిలోకి తీసుకుంది. ఆ కంచం తనది. విషమని తెలిసి తను లేచిపోయిన కంచం. లేస్తున్నప్పుడు ఒక్క అడుగు పక్కకు వేసి దాన్ని బకెట్లో పారబోసి ఉంటే సరిపోయేది. తను తినకూడదని మాత్రమే తోచింది. ఇంకొకళ్లు తింటారని తోచలేదు.

"అమ్మా, మీరు ఇప్పుడే నాతో రండి. ఆస్పత్రికి," అంది.

"నాకేమైంది మేడం?" అని అంజిలమ్మ నవ్వింది. హిమబిందు చెప్పాలని నోరు తెరిచింది. శివలీల కళ్లతోనే వద్దని బతిమాలింది. ఆ పిల్ల చదువు గుర్తొచ్చి, ఏదో రక్తపరీక్ష అని అబద్ధం చెప్పి, తన కారులోనే తల్లీకూతుళ్లను తీసుకెళ్లింది. దారిలోనే వాంతులు మొదలయ్యాయి. అసలే రక్తం లేని మనిషి, పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప ఎరగని మనిషి. ఏరియా ఆస్పత్రి మెట్లెక్కేసరికి కళ్లు తేలేసింది. శివలీల "అమ్మా, నేనే చెప్పకపోతి, నేనే చెప్పకపోతి" అని గుండెలు బాదుకుంది. ఆ తప్పు నీది కాదని చెప్పడానికి హిమబిందు ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేయబోయి, వేయలేక తీసేసింది.

అంజిలమ్మ బతికింది. సెలైన్లు ఎక్కుతూనే ఉన్నాయి, ప్రమాదం తప్పిందని మర్నాడు పొద్దున డాక్టర్లు చెప్పారు. శివలీల అప్పటికే తల్లికి అంతా చెప్పేసింది. వెక్కివెక్కి ఏడుస్తూ చెప్పింది. తల్లి విని, గోడ వైపు తిరిగి పడుకుంది.

డైరెక్టర్ విశ్వేశ్వర్రావు పళ్ల బుట్టతో వచ్చాడు. హిమబిందు ఆయన్ను మంచం పక్కనే ఆపేసింది.

"నేను సరే అనడం లేదు. ఒక్క హాస్టల్‌కి కూడా కవచం వెళ్లకూడదు. ముందు వంటగదులు బాగుపడాలి, ఫ్రిజ్‌లు రావాలి, తనిఖీ రావాలి. ఈ మందు ప్రమాదానికి అడ్డుపడటానికి చేశాను కానీ, పాచికూడు తినిపించడానికి కాదు."

"ఆ కాంట్రాక్టరుకి నోటీసు ఇస్తాం," అన్నాడు ఆయన నింపాదిగా. ఆయనా చెడ్డవాడు కాదు, నెమ్మదస్తుడు. "కానీ డాక్టర్ గారూ, ఆలోచించండి. మీ మందు ఆపేస్తే మిగతా హాస్టళ్లలో పిల్లలు రేపటినుంచి శుభ్రమైన అన్నం తింటారా? అదే అన్నం తింటారు, మందు లేకుండా తింటారు."

ఆయన మాటలో తప్పు కోసం హిమబిందు వెతికింది. తిలా పాపం తలా పిడికెడు పంచుకున్న చోట ఎవరి పిడికిలి విప్పి చూపించాలి?

అప్పుడు మంచం మీద అంజిలమ్మ ఇటు తిరిగింది. పెదాలు ఎండి ఉన్నాయి. ఆమె కోపగించుకుంటుందని, తిడుతుందని హిమబిందు ఎదురుచూసింది. తిట్టించుకోవాలనే ఉంది ఆమెకు.

"మేడం," అంది అంజిలమ్మ. "ఆ మందు పిల్లలకేనా? పెద్దోళ్లకు పడదా?"

"ఎందుకమ్మా?"

"నాకు కూడా నాలుగు చుక్కలు పొయ్యుండ్రి. బిడ్డ కాడికి వచ్చినప్పుడు నాకు భయం లేకుండ ఉంటది. దాని కంచంల ఒక్క ముద్ద తినిపోత. చదువు మాన్పియ్య మేడం, అది చదవాలె. ఇంటికాడ ఒక్క పూట పెట్టుడే కష్టం, హాస్టల్ల రెండు పూటలా పెడ్తున్నరు."

డైరెక్టర్ ముఖం వికసించింది. "చూశారా డాక్టర్ గారూ! ప్రజలే అడుగుతున్నారు. నిజమే, సందర్శకుల సంగతి మనకు తట్టలేదు. గేటు దగ్గర టేబుల్ వేసి తల్లులకు కూడా వేసేద్దాం." జేబులోంచి ఫోన్ తీశాడు. "పెద్దవాళ్లకి డోసు ఎంత?"

హిమబిందు మంచం వైపు చూసింది. చెప్పనంటే ఈ తల్లి వచ్చే నెల మళ్లీ వస్తుంది. ఎవరు వద్దన్నా బిడ్డ కంచంలో ముద్ద తింటుంది. చెబితే ఆ వంటగదికి ఫ్రిజ్ ఎప్పటికీ రాదు. అంజిలమ్మ ఆమె నోటి వైపే చూస్తోంది, ఆశగా.

"రెండింతలు," అంది హిమబిందు. తన గొంతు తనకే వినపడకూడదన్నంత చిన్నగా అంది. ఆయన విన్నాడు. వెంటనే ఎవరికో ఫోన్ కలిపి వరండాలోకి నడిచాడు.

మంచం కాళ్ల దగ్గర నిలబడ్డ శివలీల ఆమె వైపు సూటిగా చూసింది.

"మరి అన్నం మంచిగ చేసి పెట్టరా మేడం?"

హిమబిందు తల దించుకుంది. ఆ కళ్ల నుంచి తప్పించుకోవడానికి.

"ఊకోవే!" అని అంజిలమ్మ కూతుర్ని గదమాయించింది. సెలైన్ సూది ఉన్న చేత్తోనే దండం పెట్టింది. "పెద్దోళ్లను గట్ల అడుగుతరా? చిన్నపిల్ల మేడం, తెల్వక అడిగింది. ఏమనుకోకుండ్రి."